వెనక చక్రాలు పట్టేసిన రోజు

పోయిన నెల షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, ఒక సన్నటి నైలాను దారంతో నా అరికాళ్లను అక్కడక్కడా ముట్టుకుంటూ, తగిలినప్పుడల్లా చెప్పమంది. తగిలిన ప్రతిసారీ తెలిసింది, ప్రతిసారీ ఊఁ కొట్టాను. కానీ ఒక ఊఁకీ ఇంకో ఊఁకీ మధ్య, ఆవిడ దారం తీసి ఇంకోచోట పెట్టే ఆ కాస్త వ్యవధిలో, నా ఒళ్లు చల్లబడిపోయేది. ఇప్పటికే పెట్టేసిందేమో, నాకే తెలియడం లేదేమో అనిపించేది. అంతా బాగానే ఉందని చెప్పి, ఎందుకలా బిగుసుకుపోయానని ఆవిడ అడిగింది. ఏదో చెప్పి బయటపడ్డాను. కారులో కూచున్నాక కూడా చాలాసేపు బండి తియ్యలేకపోయాను. మా నాన్న, అబూధాబీ పక్కన బనియాస్‌లో మేమున్న ఆ ఒంటిగది ఇల్లు, ఒక లేత ఆకుపచ్చ రంగు పాత కారు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది.

మా నాన్నది తణుకు దగ్గర పల్లె. లారీ షెడ్లలో పని నేర్చుకుని, పెళ్లయిన కొత్తలో దుబాయ్ వెళ్లాడు. మా వైపు గల్ఫులో ఎక్కడికెళ్లినా దుబాయే అంటారు. ఆయన పని చేసింది అబూధాబీ ముసఫ్ఫాలో, పాత కార్లను మళ్లీ కొత్తవాటిలా చేసే ఒక గ్యారేజీలో. అక్కడ ఇంజన్లు ఒకరు చూస్తే రేకు పని ఇంకొకరు చూసేవారు. బ్రేకులు మాత్రం నాన్నే. పేరు సూర్యనారాయణ. గ్యారేజీలో అందరూ సూరీ ఉస్తాద్ అనేవారు. నేను హైస్కూల్లోకి వచ్చాక అమ్మనూ నన్నూ తెచ్చుకున్నాడు. అప్పట్లో అక్కడ కట్టే మేడలు సగంలో ఆగిపోయి, కూలీల క్యాంపుల్లో ఉన్న మనుషుల్ని బస్సులెక్కించి ఊళ్లకు పంపేస్తున్నారు. మా ఎదురు ఫ్లాటులో ఉన్న కరీంనగర్ వాళ్లు ఒక ఉదయం తలుపుకు తాళం పెట్టి వెళ్లిపోయారు. వాళ్ల బాల్కనీలో పిల్లవాడి యూనిఫారం చాలా రోజులు తీగ మీద అలాగే వేలాడింది. అమ్మ ఆ వైపు కిటికీ తెర ఎప్పుడూ తీసేది కాదు.

నాన్న సాయంత్రం కంపెనీ బస్సు దిగి వస్తుంటే మెట్ల మీదే వాసన తెలిసేది. కాలిన కొబ్బరిపీచు లాంటి వాసన, దానికి తోడు బ్రేకు ఆయిలు ఘాటు. గుమ్మం బయట పరిచిన పేపరు మీద బూట్లు విప్పేవాడు. ఆయన బట్టల్ని అమ్మ మా బట్టల్లో కలపనిచ్చేది కాదు. ఒక ప్లాస్టిక్ బేసినులో గోరువెచ్చటి నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి సోఫా ముందు పెట్టేది. నాన్న అందులో కాళ్లు పెట్టుకుని, గ్లాసుడు టీ తాగుతూ, ఆ రోజు చూసిన బండి గురించి చెప్పేవాడు. అమ్మకు బండ్ల సంగతి పట్టదు గానీ వినేది. అసలు వినాల్సింది ఆమె అంతకు ముందే వినేసి ఉండేది. బ్రేకు పని అయిన ఏ బండినైనా మొదట నడిపేది నాన్నే. ఇంకెవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. బండి తిరిగి గ్యారేజీలోకి తెచ్చి పెట్టాక అమ్మకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. టెస్టు ఉందన్న రోజున ఆ రింగు వచ్చేదాకా అమ్మ మిక్సీ వేసేది కాదు, కుళాయి గట్టిగా తిప్పేది కాదు. ఫోన్ని బియ్యం డబ్బా మీద పెట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ మెల్లగా పని చేసుకునేది. నేను కూడా చదువుకుంటూ ఒక చెవి అటే పెట్టి ఉంచేదాన్ని. భయపడుతున్నామని మాలో ఎవరం ఎప్పుడూ అనుకోలేదు. అది ఇంట్లో పద్ధతి, అంతే.

ఆ విద్యలో ఉన్న ప్రమాదమేమిటో నాన్న నాకు సైకిలు మీద చూపించాడు. పాత కార్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. గుండ్రటి ఇనపగిన్నె లాంటి డ్రమ్ము చక్రంతో పాటు తిరుగుతుంటే, లోపల షూలనే రెండు వంపు ముక్కలు తెరుచుకుని దాని గోడను అదిమిపెడతాయి. కొండ దిగేటప్పుడు ఆ గిన్నె వేడెక్కిపోతే ఎంత తొక్కినా బండి ఆగదు. అందుకని ముందు చక్రాలకు డిస్కులు వేస్తారు, అంటే గాలికి బయటే తిరిగే ఇనపపళ్లెం, దాన్ని రెండు వైపులా పట్టుకునే ప్యాడ్లు. వెనక మాత్రం డ్రమ్ములే ఉంచుతారు. హ్యాండు బ్రేకు వాటి మీదే నడుస్తుంది. బండి బరువైనదైతే, వెనక ఉన్న చిన్న డ్రమ్ములు తీసి పెద్దవి వేస్తారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలనేవాడు నాన్న. బ్రేకు తొక్కగానే బండి బరువంతా ముందుకు పడి వెనకభాగం తేలికైపోతుంది. డ్రమ్ములో షూ ఒకసారి అంటుకుందంటే, తిరిగే డ్రమ్మే దాన్ని తనతో లాక్కుపోయి ఇంకా గట్టిగా అంటించుకుంటుంది. తేలికైన చక్రాన్ని పెద్ద డ్రమ్ము పట్టేస్తే ఆ చక్రం తిరగడం మానేసి జారుతుంది. మా బిల్డింగు వెనక పార్కింగులో ఇసుక పేరుకున్న చోట నన్ను సైకిలు తొక్కించి, వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టమన్నాడు. సైకిలు నా కింద నుంచి పక్కకు తిరిగిపోయింది. మోచేయి గీసుకుపోయింది.

"చూసేవా బుజ్జీ," అన్నాడు నన్ను లేపుతూ. "ముందు చక్రం జారితే బండి తిన్నగా పోతాది. ఎక్కడ గుద్దుతాదో మనకి కనబడతాది. వెనకది జారిందనుకో, ఎటు పోతాదో దానికే తెలీదు."

అందుకనే వెనక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని తగ్గించడానికి ఒక చిన్న ఇత్తడి వాల్వు బిగిస్తారు. దాని మర తిప్పితే వెనక బ్రేకు ఎంత పట్టాలో అంతే పడుతుంది. ఎంత తిప్పాలన్నది పుస్తకంలో ఉండదు. బండి నడిపి, కాలితో తెలుసుకుని, దిగి కాస్త తిప్పి, మళ్లీ నడపాలి. నాన్నకు ఉన్న పేరంతా ఆ కాలి వల్ల వచ్చిందే.

ఆకుపచ్చ కారు అబూ రాషిద్ అనే పెద్దాయనది. ఎమిరాతీ, అంటే ఆ దేశంవాడే. బనియాస్‌కు అవతల ఇల్లు. కారు ఆయన తండ్రి నడిపింది, అరవైల నాటి పెద్ద అమెరికన్ బండి. దాంట్లో మనవల్ని ఎక్కించుకుని అల్ ఐన్ దగ్గరున్న జబల్ హఫీత్ కొండ మీదికి వెళ్లి రావాలని ఆయన కోరిక. ఒకసారి ఒక్కడే వెళ్లి, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి, చివరి మలుపులో గుండె ఆగినంత పనై, మరునాడే బండి తెచ్చి నాన్నకు అప్పగించాడు. నాన్న ముందు డిస్కులు వేశాడు. అబూ రాషిద్ నడిపి చూసి చాలా బాగుందన్నాడు. నాన్నతో కలిసి పనిచేసే ఇమ్తియాజ్ కూడా, ఆయనది సియాల్‌కోట్, బాగుందనే అన్నాడు. నాన్నకు మాత్రం నచ్చలేదు. బేసినులో కాళ్లు పెట్టుకుని రోజూ అదే మాట. వెనక పట్టడం లేదు, తొక్కితే కాలికి రావడం లేదు. చివరికి షార్జా పాతసామాన్ల బజారులో వెతికించి, అదే బండి రకంలో సామాను వేసుకుపోయే పొడుగు మోడలుకు ఉండే వెడల్పాటి డ్రమ్ములు తెప్పించి వెనక బిగించాడు. అవి వేసినందుకు వెనక ఒత్తిడి తగ్గేలా వాల్వు బిగించాలి. ఆయన తెరిచాడు. మరునాడు ఇంకాస్త తెరిచాడు. వెనక బాగా పట్టేస్తోందని ఇమ్తియాజ్ అంటే, నీ కాలు బరువనీ, పెడలు మీద కాలు ఎలా వెయ్యాలో నేర్చుకోమనీ నవ్వాడట. కాలికి రావడం లేదన్న మాట మేం అన్ని రోజులు విన్నాం. బండి గురించే అనుకున్నాం.

అది ఎండాకాలం చివర. ఎండాకాలంలో అక్కడ కుళాయిలో చన్నీళ్లు రావు. మేడ మీది ట్యాంకులో నీళ్లు మసిలినట్టయి, చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. అందుకని రాత్రే బకెట్లలో పట్టి చల్లారబెట్టుకునేవాళ్లం. ఆ సాయంత్రం అమ్మ బేసినులో కుళాయి నీళ్లు పట్టి సోఫా ముందు పెట్టి, చల్లార్చినవి కలపడానికి బకెట్టు తెచ్చేలోగా ఊరినుంచి మా పిన్ని ఫోను చేసింది. అమ్మ మాట్లాడుతూ వంటింట్లోనే నిలబడిపోయింది. నాన్న వచ్చి కూచుని కాళ్లు పెట్టుకున్నాడు. నేను టీ ఇచ్చాను. ఆయన తాగుతూ, వెనక షూలకు కొత్త లైనింగు వేస్తే ఎలా ఉంటుందో చెబుతున్నాడు. నేను వింటున్నాను. టీ సగం అయింది. అమ్మ బకెట్టుతో వచ్చి, వంగి, అలవాటుగా బేసినులో వేళ్లు పెట్టి, అబ్బా అని చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత నాన్న ముఖం వంక చూసింది. ఆయన ఆమె వంక చూసి, ఏమైందని అడిగాడు. ఆ మాట అడిగిన తీరు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. నిజంగానే ఏమైందో తెలియక అడిగాడు.

అమ్మ ఆయన పాదాలు రెండూ పైకి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఎర్రగా కంది, మడమ దగ్గర బొబ్బలు లేస్తున్నాయి. కుడిపాదం అడుగున ఒక పాత గాయం కూడా కనబడింది. ఇనప చీల గుచ్చుకుని ఎండిపోయిన గుర్తు. అదెప్పటిదో ఆయనకే తెలియదు. అమ్మ గోరుతో అరికాలు గీసి, తెలుస్తోందా అంది. తెలుస్తోందన్నాడు. అటు తిరగమని, మళ్లీ గీయకుండానే, ఇప్పుడో అంది. తెలుస్తోందన్నాడు. ఆయన పాదాలు తన చీరకొంగుతో అద్దుతూ కూచుంది. వంటింట్లో ఫోనులో మా పిన్ని గొంతు హలో హలో అంటూనే ఉంది.

క్లినిక్కులో మలయాళీ డాక్టరు షుగరు వల్ల నరాలు మొద్దుబారాయన్నాడు. చాలా ఏళ్లుగా పట్టించుకోలేదన్నాడు. మందులు రాస్తూ, డ్రైవింగ్ చేస్తారా అని హిందీలో అడిగాడు. నాన్న లేదన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ కూడా ఉంది. ఆమె తన బ్యాగు జిప్పు వేస్తూ తీస్తూ ఉండిపోయింది. ఇంటికి నడుస్తూ నాన్న, గ్యారేజీలో ఈ మాట తెలిస్తే ముదీర్, అంటే మేనేజరు, ఆ పూటే ఖలాస్ అంటాడనీ, మనుషుల్ని పంపెయ్యడానికి వాళ్లు సాకు కోసం చూస్తున్నారనీ, నా పన్నెండో తరగతి అయ్యేవరకైనా ఊరుకోమనీ చెప్పాడు. ఇన్నేళ్ల అలవాటు, కాలు తెలియకపోయినా కాలికి దారి తెలుసన్నాడు. మా ముగ్గురి వీసాలూ ఆయన ఉద్యోగం మీదే ఉన్నాయి. అది పోతే మేమూ తలుపుకు తాళం పెట్టి వెళ్లాల్సిందే.

తర్వాతి నెలల్లో మా ఇంట్లో రెండు భయాలుండేవి. ఒకటి ఈ సంగతి బయటపడుతుందని. ఇంకొకటి బయటపడదేమోనని. అమ్మ రెండోదాన్ని పైకి అనలేదు గానీ మిస్డ్ కాల్ రావడం ఆలస్యమైతే గుమ్మం దాకా వెళ్లి తలుపు తీసి, మళ్లీ వేసి వచ్చేది. నాకు చదువు తలకెక్కేది కాదు. స్కూలు బస్సులో వెళుతూ పక్కన పోయే ప్రతి కారు వెనక చక్రాల్నీ చూసేదాన్ని. నడుస్తూ నడుస్తూ ఆగి చెప్పులు విప్పి నేల వేడి తెలుస్తోందో లేదో చూసుకునేదాన్ని. నాన్న మాత్రం పైకి మామూలుగా ఉండేవాడు. ఇంట్లో నడిచేటప్పుడు అడుగు వేసే ముందు నేల వంక చూసుకోవడం మొదలుపెట్టాడని మేం గమనించనట్టే ఉన్నాం.

ఎండలు తగ్గాయి. అబూ రాషిద్ మనవలతో కొండకు వెళ్లే రోజు పెట్టుకున్నాడు. దానికి ముందురోజు శుక్రవారం, సెలవు. బండి అప్పగించే ముందు ఆఖరిసారి దూరం నడిపి చూడాలని నాన్న ఇంట్లో నుంచే గ్యారేజీకి వెళ్లి, బండి తీసుకుని, అల్ ఐన్ రోడ్డు వైపు వెళుతూ టిఫిను క్యారియరు కోసం మా బిల్డింగు కింద ఆగి హారను కొట్టాడు. అమ్మ క్యారియరు పట్టుకుని కిందికి దిగింది. నేను కూడా వెళ్లాను. అమ్మ కిటికీలోంచి క్యారియరు ఇవ్వలేదు. అవతలి పక్కకు తిరిగి, తలుపు తీసి, ముందు సీట్లో కూచుని దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

ఎక్కడికని నాన్న అడిగాడు. తనూ వస్తానంది. టెస్టు బండిలో మనుషులు ఎక్కకూడదని నాన్న అన్నాడు. బండి బాగుంటే ఎక్కితే తప్పేముందంది. ఆయన దిగమన్నాడు. ఆమె కదల్లేదు. "రేపు ఆ పిల్లలెక్కుతారు కదండీ," అంది మెల్లగా. "మేమెక్కితే ఏం?" నాన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు ముందుకు చూశాడు. నేను వెనక తలుపు తీసి ఎక్కాను. నన్ను ఎవరూ వద్దనలేదు. ఆ సీటు చాలా వెడల్పు, పట్టుకోవడానికి ఏమీ లేదు, బెల్టు లేదు. రెక్సిను వేడికి తొడలకు అంటుకుంటోంది. కారు కదలగానే రెండు చేతులూ సీటుకు అదిమిపెట్టి కూచున్నాను.

పెద్ద రోడ్డు వదిలి, క్యాంపుల వెనకనుంచి పోయే సర్వీసు రోడ్డులోకి తిప్పాడు. ఖాళీగా ఉంది. గాలికి ఇసుక చారలు చారలుగా తారు మీద పాకుతోంది. రెండుసార్లు మెల్లగా తొక్కి ఆపాడు. బాగానే ఆగింది. అమ్మ పెదాలు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటోంది. మూడోసారి కాస్త వేగం పెంచాడు. అప్పుడు ఎడమవైపు క్యాంపు గేటులోంచి ఒక కంపెనీ బస్సు సగం బయటికి వచ్చి ఆగింది. నాన్న బ్రేకు తొక్కాడు.

పెద్ద శబ్దమేమీ రాలేదు. వెనక ఏదో తెగిపోయినట్టు, కారుకు వెనకభాగం లేనట్టు అనిపించింది. తర్వాత కిటికీలో రోడ్డు బదులు ఇసుక, ఇసుక బదులు క్యాంపు గోడ, గోడ బదులు బస్సు అద్దం వెనక డ్రైవరు తెరుచుకున్న నోరు. నేను సీటు మీద ఒక తలుపు నుంచి రెండో తలుపుకు జారి, భుజం గుద్దుకున్నాను. అమ్మ ఒళ్లోని క్యారియరును గట్టిగా పట్టుకుంది. కారు పూర్తిగా వెనక్కి తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టి, రోడ్డు దిగి ఇసుకలో దిగబడి ఆగింది. ఇంజను ఆగిపోయింది. మా వెనక, కొద్ది అడుగుల దూరంలో బస్సు. దాని కిటికీల నిండా ముఖాలు.

బస్సు డ్రైవరు పఠాను దిగి పరుగున వచ్చి, అందరూ బాగున్నారా అని అడిగాడు. నాన్న తల ఊపాడు. ఆయన నీళ్ల సీసా ఒకటి నా చేతిలో పెట్టి, మా ముగ్గురినీ మళ్లీ ఒకసారి చూసి, వెళ్లిపోయాడు. నాన్న కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. అమ్మ ఆ కాలినే చూస్తోంది.

"ఎంత తొక్కేరో తెలిసిందా?" అంది.

నాన్న కూడా ఆ కాలి వంకే చూశాడు. "తెలీలేదు మంగా. సగమే తొక్కేననుకున్నా."

"ఇయ్యాలేనా?"

"కాదు. నీళ్లలో కాళ్లు కాలినప్పటికే చాన్నాళ్లయింది."

ఆయన తన చేతులతో మోకాలు పట్టుకుని ఎత్తి, కాలు పెడలు మీది నుంచి తీశాడు. దిగి, కారు పట్టుకుని నడుస్తూ రోడ్డు మీదికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. తారు మీద రెండు నల్లటి గీతలు వంకర తిరిగి ఉన్నాయి. ముందు చక్రాలవి గీతలే లేవు. ఆయన గొంతుక్కూచుని ఒక గీత మీద వేలు పెట్టి రాశాడు. ఇన్ని రోజులూ తనే తెరిచాననీ, వెనక బాగానే పడుతుంటే కాలికి తెలియక ఇంకా ఇంకా తెరిచాననీ చెప్పాడు. నాతో చెబుతున్నట్టు లేదు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

ఆయన ముదీర్‌కు ఫోను చెయ్యలేదు. నేరుగా అబూ రాషిద్‌కు చేశాడు. ఆ పెద్దాయన ఇల్లు దగ్గరే కావడంతో మేం ఇసుకలో నిలబడి ఉండగానే వచ్చాడు. పాదాల దాకా తెల్లటి కందూరా, కళ్లజోడు, చేతిలో కర్ర. కారు చుట్టూ ఒకసారి నడిచి, దెబ్బ ఎక్కడా తగల్లేదని చూసుకుని, బండిలో ఏం ముష్కిల్ అని అడిగాడు.

"గాడీ మే నహీ, అర్బాబ్," అన్నాడు నాన్న. "మేరా పాంవ్ మే హై."

తప్పు బండిలో కాదు, తన కాల్లో ఉందని మొదలుపెట్టి, మిగతాదంతా హిందీలో, మధ్య మధ్య అరబ్బీ మాటలు కలుపుతూ చెప్పాడు. అమ్మ నా పక్కన నిలబడి, మాటలు అర్థం కాకపోయినా ఆ పెద్దాయన ముఖాన్ని చదువుతోంది. మా ఇల్లు, నా చదువు, వీసా స్టాంపులు అన్నీ ఆ ముఖంలో ఉన్నాయి. అబూ రాషిద్ కోప్పడలేదు. రోడ్డు మీది గీతల వంక చూశాడు. రేపు ఎక్కాల్సిన పిల్లలు ఆయనకు గుర్తొచ్చి ఉంటారు. కర్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడి, చివరికి ఒక్క మాట అడిగాడు.

"ఔర్ కిస్ కిస్ కా గాడీ కియా తుమ్?"

ఇంకా ఎవరెవరి బండ్లు చేశావన్న ఆ ప్రశ్న మా ఎవరికీ తట్టలేదు. అన్ని నెలలూ మేం భయపడింది నాన్న కోసం, మా కోసం. ఆ కాలితో సరిచూసిన ఇంకెన్ని బండ్లు రోడ్ల మీద తిరుగుతున్నాయోనని ఒక్కసారైనా అనుకోలేదు. నాన్న ఇసుకలోనే కూలబడ్డాడు.

ఇమ్తియాజ్ వచ్చి కారును గ్యారేజీకి తీసుకెళ్లాడు. ఆ సాయంత్రమే ముదీర్‌కు తెలిసింది. కేకలు వేశాడనీ, పాస్‌పోర్టు తీసుకుని పొమ్మన్నాడనీ విన్నాం. మర్నాడు అబూ రాషిద్ వెళ్లి, తన బండి పని సూరీయే పూర్తి చెయ్యాలని, నడపడం మాత్రం వేరేవాళ్లు నడపాలని చెప్పి కూచున్నాడట. అంతకు మించి ఏం మాట్లాడాడో తెలియదు. నాన్న ఉద్యోగం నిలిచింది. మళ్లీ ఎప్పుడూ స్టీరింగు పట్టలేదు. లైసెన్సు తనే తెచ్చి అమ్మ చేతికిచ్చాడు.

పెద్ద డ్రమ్ములు తియ్యలేదు. పిల్లలతో నిండిన బరువైన బండికి అవి ఉండటమే మంచిదని నాన్న అన్నాడు. వాల్వు బాగా బిగించి, గ్యారేజీ వెనక రోడ్డు తడిపించి, ఇమ్తియాజ్ చేత నడిపించాడు. తను రోడ్డు పక్కన గొంతుక్కూచుని, బ్రేకు పడినప్పుడు మొదట ఏ చక్రం ఆగుతోందో కళ్లతో చూసేవాడు. ముందు చక్రాలు మొదట ఆగాలి. అన్నిసార్లూ అవే మొదట ఆగేదాకా తిప్పించాడు. అబూ రాషిద్ కొండకు వెళ్లిన రోజు నాన్న పనికి వెళ్లలేదు. అన్నం ముందు కూచుని లేచిపోయాడు. కొండ దిగాక అబూ రాషిద్ ఫోను చేసి మనవడి చేత మాట్లాడించాడు. వాడు అరబ్బీలో ఏం చెప్పాడో మాకు తెలియలేదు. నాన్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఊఁ కొట్టాడు.

ఆ నెలల్లో నాన్న చేతి మీదుగా పోయిన మిగతా బండ్ల కోసం ఇమ్తియాజ్ తిరిగాడు. ఒకటి గ్యారేజీలోనే ఉంది. రెండు దొరికాయి. రెండింటి వాల్వులూ ఎక్కువ తెరిచి ఉన్నాయి, సరిచేశారు. ఒకటి దొరకలేదు. ఎర్రటి రెండు సీట్ల బండి, పైకప్పు లేనిది. దాన్ని ఒక కుర్రాడు తీసుకెళ్లాడు, కొత్తగా పెళ్లయినవాడు. అతను దాన్ని అమ్మేశాడు. కొన్నాయన సరిహద్దు దాటించి ఒమన్ వైపు తీసుకుపోయాడని చెప్పారు. ఒమన్ అంతా కొండ రోడ్లే. ఆ కొన్నాయన నంబరుకు నాన్న చాలా రోజులు చేశాడు. మొదట్లో స్విచ్చాఫ్ అని వచ్చేది. తర్వాత ఆ నంబరు ఎవరో ఆడమనిషికి వెళ్లింది. ఆవిడ అరబ్బీలో తిట్టి పెట్టేసింది. ఇమ్తియాజ్ ఒకసారి సరిహద్దు దాకా వెళ్లి, అక్కడి గ్యారేజీల్లో అడిగి, ఉత్తచేతులతో వచ్చాడు.

నా చదువు అయింది. ఇంజినీరింగ్‌కు ఇక్కడికి వచ్చేశాను. నాన్న ఇంకొన్నేళ్లు ఆ గ్యారేజీలోనే బల్ల దగ్గర కూచుని చేతులతో చేసే పని చేశాడు. అమ్మా నాన్నా తిరిగి వచ్చాక విశాఖలో నా దగ్గరే ఉన్నారు. ఇప్పుడు నా కారులో చక్రం పట్టేస్తే విడిపించే కంప్యూటరు ఉంది. వర్షంలో గట్టిగా తొక్కితే పాదం కింద గిరగిరమని ఒక వణుకు తెలుస్తుంది, అంతే, బండి తిన్నగా ఆగుతుంది. ఎవరి కాలు మీదా ఎవరి ప్రాణమూ ఆధారపడనక్కరలేదు. నా షుగరుకు మాత్రలున్నాయి, మూడు నెలలకోసారి పరీక్ష ఉంది, భయమేస్తే భయమేస్తోందని మా ఆయనతో అంటాను. మా ఇంట్లో అప్పుడు ఆ మాట అనడానికి లేదు. అన్నామంటే ఆ ఇల్లు వదిలి ఎక్కడికి పోవాలో తెలియదు. అమ్మ ఆ రోజు ఆ కారెక్కి కూచుంది చూడండి, అదే ఆమె అన్న మాట.

నాన్న మంచాన పడ్డాక, కాలివేళ్లు రెండు తీసేశాక కూడా, ఒమన్‌లో ప్రమాదమని టీవీలో వస్తే గొంతు పెంచి బండి ఏ రంగు అని అడిగేవాడు. అమ్మ టీవీ వంక చూడకుండానే తెలుపండీ అనేది. ఎప్పుడడిగినా తెలుపే. "ఆళ్లెక్కడో సుబ్బరంగా ఉండుంటారండీ, మీరు తినండి," అనేది ముద్ద కలుపుతూ. ఆయన పోయి రెండేళ్లు దాటింది. మొన్న సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి ఫోను చూసుకుంటుంటే అమ్మ పక్కన వచ్చి కూచుంది. నా వేలు ఫోను మీద కదలడం చూసింది. తర్వాత, ఈ ఫోనుల్లో ఇప్పుడు ఎక్కడెక్కడి మనుషులైనా దొరుకుతున్నారట కదా, ఆ ఎర్రబండి కొన్నాయన ఎక్కడున్నాడో తెలుసుకోలేమా అని అడిగింది.

నేను వెతికాను. ఏమీ దొరకలేదు. "బాగానే ఉండుంటారమ్మా," అన్నాను.

అమ్మ నా ముఖం వంక చూసింది. తను నాన్నతో తెలుపు అన్నట్టుగానే నేనూ చెప్పానని ఆమెకు తెలిసిపోయింది.